తలుపు మూయబాకు

మా అల్లుడిని నేను ఏనాడూ ఏకవచనంలో పిలిచి ఎరగను. పెళ్ళయిన నాటి నుంచీ ‘మీరు’ అనే మాట్లాడతాను, కోపం వచ్చినా ‘బాబూ’ అనే మొదలుపెడతాను. అలాంటిది ఆమధ్య నరసరావుపేటలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, హాలు మధ్యలో నిలబడి, చేతిలో టీ గ్లాసు ఉండగానే, అతని మీద “తలుపు మూయబాకు!” అని అరిచాను. ఆ మాట నాది కాదు, ఆ గొంతు కూడా నాది కాదు. మా పిన్నిది. పిన్ని పోయి ఏళ్ళు గడిచాయి. నా నోట్లో ఆ మాట ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో తెలియదు.

జరిగిందేమిటంటే, వాళ్ళ పెంపుడు పిల్లి లడ్డు మా మనవరాలు చిన్ని మణికట్టు కొరికింది. గీరడం కాదు, పళ్ళు దిగేలా కొరికి వదలకుండా వేలాడింది. పిల్ల కెవ్వుమని చెయ్యి విదిలించేసరికి చర్మం చీరుకుపోయింది, సోఫా కవరు మీద నెత్తురు పడింది. మా అమ్మాయి సుజాత పరిగెత్తుకొచ్చి పిల్ల చెయ్యి కుళాయి కింద పెట్టి సబ్బుతో కడుగుతోంది. అల్లుడు బాత్‌రూమ్ కడిగే వైపర్ కర్ర అందుకున్నాడు. అతను మెత్తటి మనిషి. బ్యాంకులో పని, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆ రోజు మాత్రం మొహం ఎర్రగా కందిపోయింది. లడ్డు మంచం కిందికి దూరితే కర్రతో పొడిచాడు. అది బయటికి దూకి బాత్‌రూమ్‌లోకి పారిపోయి వాషింగ్ మెషీన్ వెనక నక్కింది. “ఈ రోజుతో దీని పొగరు దించుతా” అంటూ అతనూ లోపలికి వెళ్ళాడు. ఒక చేత్తో కర్ర, ఇంకో చెయ్యి తలుపు గడియ మీద. సరిగ్గా అప్పుడే నేను అరిచింది.

అతను ఆగిపోయాడు. మాట అర్థమై కాదు, అత్తగారు ఏకవచనంలో అరిచినందుకు. ఆ సందులో వెళ్ళి, గొంతు తగ్గించి, “బయటికి రండి బాబూ, దానికి దోవ వదలండి” అన్నాను. అతను పక్కకి జరగ్గానే లడ్డు అతని కాళ్ళ మధ్యనుంచి దూసుకెళ్ళి బీరువా మీదికి ఎక్కింది. చెవులు తలకి అతుక్కుపోయాయి, కళ్ళు మొత్తం నల్లగా అయిపోయాయి. ఒళ్ళంతా వణుకుతోంది. కొట్టబోయిన మనిషి కూడా దానికి తీసిపోకుండా వణుకుతున్నాడు.

పిల్లకి సూది మందు వేయించుకుని వచ్చాక అందరం హాల్లో కూర్చున్నాం. పొద్దున్నే దాన్ని సంచిలో వేసి మార్కెట్ యార్డు దగ్గర వదిలేసి వస్తానని అల్లుడన్నాడు. చిన్ని ఏడుపు అందుకుంది. “ఎందుకు కరిచిందో తెలుసుకోకుండా వదిలేస్తే, పిల్ల కోసం ఇంకోటి తెస్తారు, అదీ కరుస్తుంది” అన్నాను. “దానికి కారణమేముందండీ, పొగరు” అన్నాడతను. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ పిల్లి చిన్న కూనగా ఉన్నప్పుడు ఇదే అల్లుడు దాని ముందు వేళ్ళు ఆడించి, అది గాండ్రిస్తూ చేతి మీదికి దూకితే ఫోన్‌లో వీడియో తీసి స్టేటస్ పెట్టాడు. ‘మా ఇంటి పులి’ అని రాశాడు. చుట్టాలందరూ నవ్వే బొమ్మలు పెట్టారు, నేనూ పెట్టాను. మా బాబాయి ఫోన్లు లేని కాలంలో సరిగ్గా ఇదే చేశాడు. ఆయనకి స్టేటస్ అంటే మా ఇంటి అరుగు.

మా ఊరు మాచవరం దగ్గర. మిరప, పత్తి తప్ప మరో మాట వినపడని ఊరు. కోతలయ్యాక మా ఇంటి దొడ్డంతా ఎర్రగా ఉండేది. మిరపకాయల ఘాటు గోడలకి పట్టేసి, కొత్తగా వచ్చినవాళ్ళు గడపలోనే తుమ్మేవాళ్ళు, మాకు మాత్రం ఆ వాసన తెలిసేది కాదు. తాతయ్య పొద్దున్నే వేపపుల్ల నములుతూ దొడ్డి చుట్టూ తిరిగి కాయల్ని కాలితో కెలికి చూసేవాడు. నాయనమ్మ కుంపటి మీద పాలు పెట్టి, అవి పొంగేదాకా ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేది. ఇంటికి ఉత్తరం వైపు పత్తి గది. సీజన్‌లో పత్తి చూరుదాకా నింపేవాళ్ళు, మేం పిల్లలం అందులో మునిగి ఆడుకుని ముక్కుల నిండా నూగుతో బయటికొచ్చేవాళ్ళం. గోతాలు కొరికే ఎలకల కోసం మా ఇంట్లో ఎప్పుడూ పిల్లులుండేవి. వాటికి పేర్లుండేవి కావు, ఎవరూ పట్టించుకునేవారు కూడా కాదు. పేరు పెట్టి పెంచిన మొదటి పిల్లి డేగ.

ఆ పేరు పెట్టింది బాబాయి. ఆయనకి కోడిపుంజుల పిచ్చి. దొడ్లో వరసగా గంపలుండేవి, ఒక్కో గంప కింద ఒక్కో పుంజు. మేం స్కూలుకి చద్దన్నం తిని వెళ్ళేవాళ్ళం, ఆ పుంజులు బాదంపప్పులూ ఉడికించిన గుడ్లూ తినేవి. ఎర్ర ఈకల పుంజుని డేగ అంటారు. బాబాయి దగ్గర ఓ డేగ ఉండేది, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో దానికి ఎదురు లేదనేవాడు. అది ఓ పందెంలో కత్తి దెబ్బకి పొట్ట చీలి చచ్చిపోతే, ఆ మధ్యాహ్నం బాబాయి అన్నం తినలేదు. అదే వారంలో పత్తి గదిలో పిల్లి ఈనింది. కూనల్లో ఒకటి అచ్చంగా ఆ పుంజు రంగే. ఇంకా కళ్ళు సరిగ్గా విచ్చుకోని దాన్ని తల్లి దగ్గర నుంచి లాక్కొచ్చి, ఖాళీ అయిన గంప కింద పెట్టి, “ఇదే నా డేగ. మళ్ళీ పుట్టింది” అన్నాడు. తల్లిపిల్లి గంప చుట్టూ అరుస్తూ తిరిగితే నాయనమ్మ చీపురు విసిరింది.

పుంజుని పెంచినట్టే పిల్లిని పెంచాడు. ఆయనకి తెలిసిన పెంపకం అదొక్కటే. పందేనికి పుంజుని తయారు చేసేటప్పుడు దాన్ని చేత్తో పట్టుకుని ఇంకో పుంజు ముక్కు దాకా తీసుకెళ్ళి, అది పొడవబోయే లోపల వెనక్కి లాగేస్తారు. మళ్ళీ తీసుకెళ్ళి మళ్ళీ లాగుతారు. కోపం దిగే దోవ లేక లోపల పోగుపడుతుంది. బాబాయి ఆ కూనని అలాగే చేశాడు. రోజంతా ఒంటరిగా గంప కింద ఉంచి, సాయంత్రం గంప ఎత్తి చెయ్యి ముందు పెట్టి ఆడించేవాడు. అది పట్టుకోబోతే లాగేసేవాడు. పట్టుకుంటే మూతి మీద ఒక్కటి కొట్టేవాడు. అది ఉమ్ముతూ పంజా విసిరితే, గీరిన చెయ్యి ఎత్తి అందరికీ చూపించి, “చూశారా పౌరుషం!” అని మురిసిపోయేవాడు. చేతిమీద నెత్తురు కారుతుంటే అంత ఆనందపడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇందులో ఆయన తప్పు ఎంత అని ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన్ని పెంచిన తీరు గుర్తొస్తుంది. చిన్నప్పుడు బాబాయి వీధిలో ఎవరి చేతనో దెబ్బలు తిని ఏడుస్తూ వస్తే, తాతయ్య గడపలోనే ఆపి, ఇంకా నాలుగు తగిలించి, “పోయి వాణ్ణి కొట్టిరా. కొట్టకుండా ఈ గడప తొక్కబాకు” అని పంపేవాడట. ఈ సంగతి తాతయ్యే గొప్పగా చెప్పుకునేవాడు. కొట్టి వచ్చిన రోజున వెన్న వేసి అన్నం పెట్టేవాళ్ళట. ఆ కథ విన్నప్పుడల్లా మా ఇంట్లో మగవాళ్ళు తలలూపేవారు. మా పల్నాటి వాళ్ళకి పౌరుషం అనే మాట మీద ఉన్న మోజు మరే మాట మీదా ఉండదు. మనిషికైనా పుంజుకైనా ఆ ఒక్కటుంటే చాలు, మిగతావన్నీ లేకపోయినా పర్లేదు. పిల్లికి కూడా కావాలనుకున్న ఇల్లు మాత్రం మాదొక్కటే.

డేగ పెరిగింది. మామూలు పిల్లులకి రెట్టింపు అయింది. తలుపు చాటున, గోతాల వెనక, మంచం కింద కాచుకుని కూర్చుని, కదిలే కాలి మీదికి దూకేది. అమ్మ మడమలో పళ్ళు దిగి చీము పట్టి, కుంటుతూనే ఇంటి పని చేసింది. మిరపకాయలు ఏరడానికి వచ్చే ఆడవాళ్ళు కాళ్ళకి గోనెపట్టాలు చుట్టుకుని వచ్చేవాళ్ళు. నా ఎడమ మోచేతి మీద ఇప్పటికీ తెల్లటి గీత ఉంది. అది పడుకుని ఉంటే జాలేసి పొట్ట నిమిరాను, ముందు కళ్ళు మూసుకుంది, అంతలోనే నాలుగు కాళ్ళతో చెయ్యి చుట్టేసి కొరికేసింది. కరిచినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని చితకబాదేవాళ్ళు. నాయనమ్మ చీపురు తిరగేసి కొట్టేది, నాన్న కాలితో తన్నేవాడు. కొట్టినకొద్దీ అది ముందుగానే మీద పడటం నేర్చుకుంది. ఇదివరకు కాలు దగ్గరికొస్తే దూకేది, తర్వాత కాలు అల్లంత దూరాన కనపడినా దూకేది. పసుపూ సున్నమూ కలిపిన చిప్ప వసారా గూట్లో ఎప్పుడూ తడిగానే ఉండేది. ఒక్కరు కూడా బాబాయిని ఏమీ అనలేదు. చుట్టాలొస్తే అరుగు మీద కూర్చోబెట్టి, డేగని పిలిచి, తోక పట్టి గుంజి, అది చెయ్యి చీరేస్తుంటే చూపించేవాడు. వాళ్ళు అబ్బో అనేవాళ్ళు.

ఆ ఇంటికి పిన్ని కోడలిగా వచ్చింది. ముప్పాళ్ళ ఊరి పిల్ల. పల్చగా, పొడుగ్గా, మాట్లాడేముందు కాసేపు ఆగే మనిషి. గృహప్రవేశమైన మర్నాడు పొద్దున పళ్ళెం పట్టుకుని వసారా దాటుతుంటే డేగ గోతాల వెనక నుంచి దూకి, చీర కుచ్చెళ్ళతో సహా పిక్క పట్టేసింది. మేమందరం ఆమె అరుస్తుందనీ పళ్ళెం పడేస్తుందనీ చూస్తున్నాం, బాబాయి అయితే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. పిన్ని అరవలేదు. కాలు లాక్కోలేదు. ఎక్కడున్నదక్కడే రాయిలా నిలబడిపోయింది. పిక్క మీద నెత్తురు చారగా దిగుతోంది. కదలని కాలిని పట్టుకుని ఏం చేయాలో డేగకి తోచలేదు. కాసేపటికి వదిలేసి, ఏమీ ఎరగనట్టు పక్కకెళ్ళి ఒళ్ళు నాక్కుంది. పిన్ని దాని వైపు చూడను కూడా చూడకుండా పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బాబాయి మొహంలో నవ్వు ఎటు పోయిందో తెలియదు.

పిక్క మీద పసుపు నేనే రాశాను. “నొప్పెట్టలేదా పిన్నీ?” అంటే, “పెట్టుద్ది. లాక్కుంటే ఇంకా పెట్టుద్ది” అంది. తర్వాత మెల్లగా, “అది నన్ను పట్టుకోలేదే అమ్మాయ్. కదిలేదాన్ని పట్టుకుంది. దానికి నేర్పిందే అది కదా” అంది. ఆ ఇంట్లో డేగ గురించి అలాంటి మాట అన్న మొదటి మనిషి ఆమె.

ఆ రోజు నుంచి నేను పిన్నికి తోక అయ్యాను. ఆమె మామూలు పనుల మధ్యనే, ఎవరికీ చెప్పకుండా, డేగకి వేరే బతుకు నేర్పింది. పత్తికట్టె చివర గుడ్డపీలిక కట్టి, దీపాలు పెట్టే వేళకి ముందు దొడ్లో దాన్ని పరిగెత్తించేది. పట్టుకోనిచ్చేది, కొరకనిచ్చేది, గెలిచాననుకోనిచ్చేది. అలసిపోయాక చిప్పలో పెరుగన్నం పెట్టేది. తిన్నాక అది పత్తి గదిలో చూరు కింద అటక మీదికి ఎక్కి పడుకునేది. అటక మీదికి ఎవరూ వెళ్ళకూడదని నాకు చెప్పింది. “ప్రతి జీవికీ ఎవరూ రాని చోటు ఒకటుండాలే” అంది. చేత్తో ఎప్పుడూ ఆడనివ్వలేదు. నా చేతిని గనక పట్టుకుంటే లాగొద్దనీ, కొట్టొద్దనీ, చెయ్యి చచ్చుబడినట్టు వదిలేసి, అది వదలగానే లేచి అవతలికి వెళ్ళిపొమ్మనీ చెప్పింది. “కొడితే అది కూడా ఆటే అనుకుంటది, లేకపోతే యుద్ధం అనుకుంటది. నువ్వు ఎల్లిపోతేనే దానికి తెలిసేది.”

నిమిరేటప్పుడు తోక చూడమనేది. “తోక కొస కొట్టుకుంటంటే చెయ్యి తీసెయ్. చెవులు ఎనక్కి పోతే పక్కకి తప్పుకో. పరిగెత్తబాకు, ఎదురుగా నిలబడబాకు. ఊరికే పక్కకి.” నేను తోక చూడటం నేర్చుకున్నాను. ఆశ్చర్యమేమిటంటే, అది ప్రతిసారీ ముందే చెప్పేది. మేం ఎవరమూ ఎన్నడూ వినలేదు, అంతే. మిరపకాయల కాలం వెళ్ళి పత్తి తీసే కాలం వచ్చేసరికి డేగ పిన్ని ఒళ్ళో కాకపోయినా ఆమె చీర చెంగు పక్కన పడుకునేది. ఆడవాళ్ళు గోనెపట్టాలు విప్పేశారు. గూట్లో సున్నం చిప్ప ఎండిపోయింది.

పిన్నికి ఇదంతా ఎలా తెలుసని నేను చాలాకాలం ఆలోచించలేదు. బాబాయి ఇంటికొచ్చే వేళకి ఆమె వసారాలో స్తంభం పక్కన నిలబడేది. ఆయన మొహం చూసేది కాదు, చెప్పులు చూసేది. చెప్పులు రెండూ పక్కపక్కన పడితే మంచినీళ్ళ చెంబు తీసుకెళ్ళేది. ఒకటి ఎగిరి అవతల పడితే నా భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు దొడ్లోకి పోయి ఆడుకో అమ్మా” అనేది. నేను దొడ్లోకి వెళ్ళేదాన్ని. వాళ్ళ గది తలుపు మూసుకునేది. లోపలి నుంచి ఇనప గడియ పడిన చప్పుడు వినగానే నాయనమ్మ ఏ పనిలో ఉన్నా వదిలేసి, రోలు దగ్గరికి వెళ్ళి, రోకలి అందుకుని దంచడం మొదలుపెట్టేది. ధన్, ధన్ అని ఇల్లంతా అదిరేలా దంచేది. గడియ మళ్ళీ తీసిన చప్పుడు అయ్యేదాకా ఆపేది కాదు. అరచేతులు బొబ్బలెక్కేవి. కారం దంచుతోందనుకునేదాన్ని. పిన్ని బయటికొచ్చి మొహం కడుక్కుని పొయ్యి ముందు కూర్చునేది. దవడ మీద వాపు ఉంటే ఆ వైపు పొగకి తిప్పుకుని కూర్చునేది. ఇంట్లో ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆ ఇంట్లో అందరూ మంచివాళ్ళే, ఆ మాట కూడా నిజమే, అందుకే ఇప్పటికీ నాకు మండుతుంది.

పంచాయితీ ఎన్నికల ముందు ఓ రోజు, మా పార్టీ మనుషులు అరుగు నిండా చేరారు. పక్క ఊరి నుంచి కూడా వచ్చారు. మాటల మధ్యలో ఎవరో డేగ సంగతి ఎత్తారు. బాబాయికి కావలసిందదే. దాన్ని చంకన పెట్టి తీసుకొచ్చి అరుగు మీద దించి, చెయ్యి ముందు పెట్టి ఆడించాడు. డేగ ఆ చేతిని చూసింది, మొహం తిప్పుకుంది, వెళ్ళిపోబోయింది. మళ్ళీ ముందుకు లాగి మూతి మీద కొట్టాడు. అది కళ్ళు మూసుకుని తల దించింది. నేను తోక చూశాను. కొస కొట్టుకుంటోంది.

“ఏందిరా, నీ డేగ పెట్ట అయిపోయిందే!” అన్నాడొకాయన. అరుగంతా నవ్వింది. “పెళ్ళాం వచ్చినాక వీడి పనీ అంతేనేమో” అన్నాడు ఇంకొకాయన. ఇంకా నవ్వారు. తాతయ్య నవ్వలేదు. ఆయన బాబాయి వైపు చూసిన చూపు నేను చూశాను. ఏడుస్తూ గడపలోకి వచ్చిన పిల్లాణ్ణి చూసే చూపది. బాబాయి డేగ తోక పట్టుకుని గాల్లోకి లేపి అరుగు రాతికేసి కొట్టాడు. అది వంకర తిరిగి ఆయన బొటనవేలి కింద పళ్ళు దించింది, ఎముక తగిలేదాకా. ఆయన విదిలించాడు, మాంసం ముక్క వేలాడింది. ఈసారి నవ్విన నవ్వుకి వీధిలో వాళ్ళు కూడా ఆగారు.

ఎద్దుల్ని తోలే ముల్లుకర్ర స్తంభానికి ఆనించి ఉంది. అది లాక్కుని డేగ వెంట పడ్డాడు. ఒక దెబ్బ వెన్ను మీద పడింది, కుంటుతూ వసారా దాటి పత్తి గదిలోకి దూరింది. పిన్ని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మానికి అడ్డం నిలబడింది. అంతమంది మగవాళ్ళ ఎదుట ఆమె గొంతు వినడం అదే మొదలు.

“తలుపు మూయబాకు. దానికి దోవ ఉంచు. పోతది.”

“తప్పుకోవే.”

“కొట్టుకుంటే కొట్టుకో. తలుపు మాత్రం మూయబాకు.”

ఆయన ఆమె మెడ పట్టి తోసేశాడు. తల ద్వారబంధానికి తగిలి కూలబడింది. తలుపు మూసుకుంది, లోపల గడియ పడింది. అలవాటుగా నాయనమ్మ రోలు వైపు రెండు అడుగులు వేసి ఆగిపోయింది. లోపల కర్ర గోడలకి తగులుతున్న చప్పుడు, పత్తి మీద కాళ్ళు జారుతున్న చప్పుడు. డేగ గొంతు ఒక్కసారి సన్నగా లేచి, అది పిల్లి గొంతని చెప్పలేనంత పెద్దదైంది. తర్వాత వచ్చిన అరుపు మాత్రం మనిషిది. పిన్ని నుదుటి మీద నెత్తురుతో లేచి తలుపు బాదింది. “గడియ తియ్యి! ముందు గడియ తియ్యి!” అని అరిచింది. లోపల వెతుకులాట. గడియ ఎక్కడుందో ఆయనకి కనపడటం లేదు.

తలుపు తెరుచుకున్నప్పుడు మొదట డేగ వచ్చింది, మా అందరి కాళ్ళ మధ్య నుంచి గోడ దూకి పోయింది. తర్వాత బాబాయి వచ్చాడు. రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది. జుట్టుకీ మీసాలకీ పత్తి అంటుకుంది, ఆ పత్తి ఎర్రబడుతోంది. ట్రాక్టర్ మీద నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కుడి కన్ను పోయింది. పొట్టలో సూదులు పొడిపించుకుని, కట్టుతో తిరిగొచ్చాడు.

తాతయ్య డేగని చంపి చూపించమని మనుషుల్ని పంపాడు. వాళ్ళకి దొరకలేదు. పక్కింటి గడ్డివామి దొడ్లో అది ఉన్న సంగతి పిన్నికీ నాకూ తెలుసు. పిన్ని గోడ మీద పెరుగన్నం చిప్ప పెట్టేది, ఖాళీ చిప్ప తీసుకొచ్చేది. ఇంట్లో మిగతావాళ్ళకి కూడా తెలిసే ఉంటుంది, చిప్ప వాళ్ళకి కనపడకపోదు. ఎవరూ ఏమీ అనలేదు. మా ఇల్లు మౌనంగా చేసిన ఒకే ఒక్క మంచి పని అది.

ఈ కథంతా ఆ రోజు నరసరావుపేటలో వాళ్ళ హాల్లో చెప్పాను. లడ్డు బీరువా మీద నుంచి మమ్మల్నే చూస్తోంది. అల్లుడు పొద్దున్నే సంచి తీయలేదు. అతను ఫోన్‌లో ఆ పాత వీడియో వెతికి తీసేయడం చూశాను. ఇప్పుడు వాళ్ళింట్లో కట్టెకి గుడ్డపీలిక ఉంది, చిన్ని భోజనాల ముందు లడ్డుని పరిగెత్తిస్తుంది. తండ్రి చెయ్యి పెట్టి ఆడిస్తే చిన్ని కేకలేస్తుంది. బీరువా పైభాగం దానిది, అక్కడికి ఎవరూ చెయ్యి పెట్టరు. కరవడం పూర్తిగా మానిందని చెప్పను. తోక కొస కొట్టుకోవడం చూసి చెయ్యి తీసేయడం మాత్రం ఇంట్లో అందరికీ వచ్చింది. మా కాలం కంటే ఈ కాలం మంచిదేనని నాకనిపించేది ఇలాంటి చోటే. అప్పుడు ఒక కన్ను పోతేగాని ఎవరూ ఆగలేదు. ఇప్పుడు ఒక కేకతో ఆగుతున్నారు. అయితే ఆ చెయ్యి గడియ మీదికి వెళ్ళడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకలాగే వెళ్తోంది, ఎంత చదువుకున్నవాడిదైనా.

కథ అయ్యాక చిన్ని, “డేగ మళ్ళీ ఇంటికి వచ్చిందా?” అని అడిగింది. రాలేదన్నాను. సుజాత మాత్రం పిల్లని నిద్రపుచ్చి వచ్చి, నా పక్కన కూర్చుని, “ముప్పాళ్ళ అమ్మమ్మ సంగతేమైందమ్మా?” అని అడిగింది. ఆడపిల్లలకి ఏ ప్రశ్న అడగాలో తెలుసు.

కంటి కట్టు విప్పిన కొన్నాళ్ళకి, ఓ మధ్యాహ్నం, బాబాయి చెప్పుల్లో ఒకటి ఎగిరి తులసి కోట దగ్గర పడింది. పిన్ని నన్ను దొడ్లోకి వెళ్ళమనడం మరచిపోయిందో, మానుకుందో తెలియదు. నేను వసారాలో చేటలో పప్పు చెరుగుతున్నాను. ఆయన ఆమె జుట్టు పట్టుకుని గదిలోకి ఈడ్చుకెళ్ళాడు. నాయనమ్మ లేచి రోలు దగ్గరికి నడిచి రోకలి ఎత్తింది. తలుపు రెక్క సగం కదిలింది. లోపలి నుంచి పిన్ని గొంతు వచ్చింది. అరుపు కాదు, ఏడుపు కాదు, బతిమాలడం అసలే కాదు. పిల్లి సంగతి నాకు చెప్పినప్పటి గొంతే.

“తలుపు మూయబాకు.”

తలుపు ఆగింది. సందులోంచి గడియ మీద ఆయన చెయ్యి నాకు కనపడుతోంది, బొటనవేలి కింద ఆ మచ్చతో సహా. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. మిగిలిన ఒక్క కంటితో ఆయన ఆమెని చూస్తున్నాడు. ఏం చూశాడో నాకు తెలియదు. తర్వాత చెయ్యి గడియ వదిలింది. తలుపు పూర్తిగా తెరిచి ఆయన బయటికొచ్చాడు, మా ఎవరినీ చూడకుండా వసారా మంచం మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఏనాడూ చెయ్యెత్తలేదని అబద్ధం చెప్పను. కాని ఆ గదికి మళ్ళీ గడియ పడలేదు, తెరిచిన తలుపు ముందు ఆయన చెయ్యి అంత తేలిగ్గా లేచేదీ కాదు. పిన్ని బయటికి వచ్చి, జుట్టు ముడి వేసుకుని, నా చేతిలో చేట తీసుకుని పప్పు చెరగసాగింది.

నాయనమ్మ ఎత్తిన రోకలి ఎత్తినట్టే పట్టుకుని నిలబడి ఉంది. మెల్లగా దించి గోడకి ఆనించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఏం దంచేదో నేనెప్పుడూ వెళ్ళి చూడలేదు. ఆ రోజు లేచి వెళ్ళి తొంగిచూశాను. రోట్లో ఏమీ లేదు.